ఒకే క్షిపణి... ఎదురొస్తే 15 కిలోమీటర్లు, పారిపోతే 6

2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరిగిన రోజుల్లో పంజాబ్‌లోని హోషియార్‌పూర్ జిల్లాలో చైనా తయారీ పీఎల్-15 క్షిపణి శకలాలు దొరికాయి. ఆ ఫొటోలు ఫోన్లలో తిరిగిన దగ్గర్నుంచి తిరుపతిలో కూడా క్షిపణుల చర్చ ఆగలేదు. లీలామహల్ సెంటర్‌లో టీ తాగుతూ మాట్లాడుకునేవాళ్లదీ అదే ప్రశ్న, యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో కూర్చున్నవాళ్లదీ అదే ప్రశ్న: "నూటాయాభై కిలోమీటర్ల నుంచే కొట్టేది ఉంటే, ఇంగ ఈ 20 కిలోమీటర్లది ఏంటికన్నా?"

ప్రశ్నలో తప్పేమీ లేదు. కానీ దాని వెనక ఒక నమ్మకం ఉంది: క్షిపణి గొప్పతనమంతా దూరంలోనే ఉంటుందని. దగ్గరి పోరులో వాడే, వేడిని వెంటాడే క్షిపణుల విషయంలో ఆ నమ్మకం కుదరదు. వీటి డెబ్బై ఏళ్ల చరిత్ర చూస్తే ప్రతి మలుపులోనూ మారింది ప్రధానంగా చూపు. ఏ వేడిని చూడగలదు, ఏ కోణం నుంచి చూడగలదు, దేన్ని చూసి మోసపోతుంది అన్నవే అసలు సంగతులు. దూరం అంకె వాటి తర్వాతే వస్తుంది. పైగా ఆ అంకె ఒకటి కాదు, చాలా ఉంటాయి.

రెండు కుటుంబాలు

యుద్ధ విమానం నుంచి మరో విమానం మీదికి వదిలే క్షిపణులు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది రాడార్ ఆధారంగా నడిచేది. కంటికి కనబడనంత దూరంలో ఉన్న విమానాన్ని కొట్టడానికి వాడతారు. మన అస్త్ర, రఫేల్ మోసే మెటియోర్, ఆ పంజాబ్‌లో దొరికిన పీఎల్-15 ఈ కుటుంబానివే. రెండోది పరారుణ కిరణాలను, అంటే ఇన్‌ఫ్రారెడ్‌ను చూసి నడిచేది. అమెరికా సైడ్‌విండర్, రష్యా ఆర్-73, ఇజ్రాయెల్ పైథాన్-5, బ్రిటన్ అస్రామ్ ఇందులోకి వస్తాయి. పేపర్లలో 'హీట్ సీకర్' అని రాసేది వీటినే.

ఈ గీత మరీ గట్టిదేం కాదు. ఫ్రాన్స్ మైకా క్షిపణి రెండు రకాల ముక్కులతోనూ దొరుకుతుంది, ఇన్‌ఫ్రారెడ్ మైకా మామూలు హీట్ సీకర్ల కంటే చాలా దూరం వెళ్తుంది.

ఆకారానికి ఇవి చిన్నవే. సైడ్‌విండర్ పొడవు సుమారు 3 మీటర్లు, లావు 127 మిల్లీమీటర్లు, బరువు 85 కిలోల చుట్టూ. అందులో పేలుడు భాగం తొమ్మిది కిలోలే. విమానానికి నేరుగా గుద్దుకోనక్కర్లేదు, కొద్ది మీటర్ల దూరంలోంచి వెళ్తే చాలు. దగ్గరికి వచ్చినట్టు కనిపెట్టే ఫ్యూజ్ దాన్ని పేల్చేస్తుంది, లోహపు ముక్కలు మిగతా పని చూసుకుంటాయి.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. నేటి రాడార్ క్షిపణి తనే తరంగాలు పంపి, అవి తిరిగొస్తే పట్టుకుంటుంది. ఆ తరంగాలు ఎదుటి విమానంలోని హెచ్చరిక పరికరానికి కూడా తగులుతాయి, పైలట్ అప్రమత్తమవుతాడు. హీట్ సీకర్ ఏమీ పంపదు, ఊరికే చూస్తుంది. కాబట్టి రాడార్ హెచ్చరిక పరికరం మోగదు. ఎదుటి పైలట్‌కు తెలియాలంటే క్షిపణి మంటను పట్టే ప్రత్యేక సెన్సార్లయినా ఉండాలి, లేదా కంటికి పొగ అయినా కనబడాలి.

వేడంటే ఏ వేడి? తిరుపతి ఎండతో ఒక లెక్క

'వేడిని వెంటాడుతుంది' అనగానే వచ్చే అనుమానం: మే నెలలో మన ఊళ్లో అన్నీ వేడిగానే ఉంటాయి కదా, మరి విమానాన్ని ఎలా ఏరుకుంటుంది?

ప్రతి వస్తువూ తన ఉష్ణోగ్రతను బట్టి కిరణాలు వెదజల్లుతుంది. ఎంత వేడిగా ఉంటే ఆ కిరణాల తరంగదైర్ఘ్యం అంత పొట్టిది. ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో చదివిన వీన్ నియమం ఇదే: 2898ని కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగిస్తే, ఆ వస్తువు ఎక్కువగా వెదజల్లే తరంగదైర్ఘ్యం మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) వస్తుంది.

తిరుపతిలో 42 డిగ్రీల ఎండ అనుకుందాం. 273 కలిపితే కెల్విన్‌లో 315. 2898ని 315తో భాగిస్తే 9.2 మైక్రాన్లు. నేల, గోడలు, చెట్లు, మనుషులు అందరూ ఈ చుట్టుపక్కలే వెలుగుతుంటారు. అదే జెట్ ఇంజిన్ వెనక గొట్టం 900 కెల్విన్ దగ్గర ఉందనుకుంటే 3.2 మైక్రాన్లు వస్తుంది. సూర్యుడి ఉపరితలం 5800 కెల్విన్, అది 0.5 మైక్రాన్ల దగ్గర, అంటే మన కళ్లు చూసే వెలుగులోనే ఎక్కువ వెలుగుతుంది.

ఒక్కో చదరపు మీటరు నుంచి వచ్చే మొత్తం శక్తి ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 900ని 315తో భాగిస్తే 2.86, దాని నాలుగో ఘాతం సుమారు 67. అంటే మన ఎండ నేల కంటే ఇంజిన్ గొట్టం అరవై ఏడు రెట్లు ప్రకాశిస్తుంది. 3 నుంచి 5 మైక్రాన్ల మధ్య మాత్రమే చూసే కన్ను పెడితే ఈ తేడా ఇంకా చాలా పెరుగుతుంది, ఎందుకంటే నేల ఆ పట్టీలో పెద్దగా వెలగదు.

అలాగని ఏ పట్టీలో పడితే ఆ పట్టీలో చూడలేం. గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ కొన్ని తరంగదైర్ఘ్యాలను మింగేస్తాయి. వాటి మధ్య మిగిలిన కిటికీల్లో 3–5 మైక్రాన్లది ఒకటి, 8–12 మైక్రాన్లది ఇంకొకటి. వేసవిలో ఎడారి మీద ఉన్నంత స్పష్టత, ఈశాన్య రుతుపవనాల్లో మన కోస్తా మీద ఉండదు. మేఘం అడ్డొస్తే ఈ కన్ను మూసుకున్నట్టే. 'అన్ని వాతావరణాల్లో పనిచేసే' అన్న మాట రాడార్ క్షిపణికి చెల్లుతుంది, దీనికి చెల్లదు.

మొదటి తరం వెనక నుంచే ఎందుకు కొట్టేది

అమెరికాలోని కాలిఫోర్నియా ఎడారిలో, చైనా లేక్ అనే నౌకాదళ ప్రయోగశాలలో విలియం మెక్‌లీన్ అనే భౌతిక శాస్త్రవేత్త బృందం సైడ్‌విండర్‌ను తయారుచేసింది. 1953లో మొదటిసారి డ్రోన్‌ను కొట్టింది, 1956లో వాడకంలోకి వచ్చింది. దాని కన్ను లెడ్ సల్ఫైడ్. దాన్ని చల్లబరచకుండా వాడేవాళ్లు, కాబట్టి చూపు 3 మైక్రాన్ల లోపే ఆగిపోయేది. అంత పొట్టి తరంగాల్లో విమానంలో బాగా వెలిగేది ఒక్కటే: ఇంజిన్ గొట్టం లోపలి ఎర్రగా కాలిన లోహం. అది కనబడాలంటే విమానం వెనక్కే వెళ్లాలి. పక్కనుంచి గానీ, ముందు నుంచి గానీ క్షిపణికి ఏమీ కనబడదు.

మరి సూర్యుణ్ని, ఎండకు మెరిసే మేఘం అంచును చూసి మోసపోదా? మోసపోయేది. కొంతవరకు తప్పించుకోవడానికి ఒక ఉపాయం వేశారు. డిటెక్టర్ ముందు నలుపు, పారదర్శక గీతలున్న చిన్న బిళ్లను గిరగిరా తిప్పుతారు. చుక్కలాంటి చిన్న వెలుగు ఆ గీతల వెనక పడి మిణుకు మిణుకుమంటుంది. మేఘంలాంటి పెద్ద వెలుగు అనేక గీతల మీద ఒకేసారి పరచుకుంటుంది కాబట్టి మిణుకు ఉండదు. మిణుకుమనేదే గురి. ఆ మిణుకు ఏ క్షణంలో వచ్చిందో చూస్తే గురి ఏ వైపు ఉందో కూడా తెలుస్తుంది. కంప్యూటర్ అనేదే లేకుండా, పాత రేడియోల్లో ఉండేలాంటి కొన్ని వాల్వులతో ఈ పనంతా చేశారంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

1958 సెప్టెంబర్ 24న తైవాన్ జలసంధి మీద తైవాన్ సేబర్ విమానాలు వీటితో చైనా మిగ్-17లను కూల్చాయి. గాలిపోరులో ఇలాంటి క్షిపణి ప్రాణం తీయడం అదే మొదలు. ఆ ఘర్షణల్లో ఒక సైడ్‌విండర్ పేలకుండా ఓ మిగ్‌లో ఇరుక్కుపోయి, ఆ విమానంతో పాటే చైనాలో దిగింది. అది సోవియట్ ఇంజినీర్ల చేతికి చేరింది. వాళ్లు విప్పి చూసి చేసిన కాపీ పేరు కె-13. మన మిగ్-21లు మోసింది దాన్నే. అంటే 1965 నాటికి పాకిస్తాన్ దగ్గర అసలు, మన దగ్గర దాని సోవియట్ తోబుట్టువు.

పేరు మోగినంతగా పని జరిగిందా? వియత్నాం యుద్ధంలో అమెరికన్లు వదిలిన సైడ్‌విండర్లలో అయిదారింట ఒకటి తగిలింది. రాడార్‌తో నడిచే స్పారో అయితే పదింట ఒకటి తగలడమే గగనం. 'ఇక తుపాకీ ఎందుకు' అని తుపాకీ లేకుండా చేసిన ఫాంటమ్ విమానాలకు మళ్లీ తుపాకీ పెట్టాల్సొచ్చింది. క్షిపణి చెడ్డది కావడం కంటే, దాన్ని వదలాల్సిన చోటు చాలా ఇరుకు కావడం పెద్ద కారణం. శత్రువు వెనక, సరైన దూరంలో, అతను గట్టిగా మలుపు తిరగకుండా ఉన్నప్పుడే వదలాలి. ఏ పైలట్ అలా నిలబడి ఉంటాడు?

మైనస్ 196 డిగ్రీల కన్ను

ఇరుకు పోవాలంటే క్షిపణి ఇంజిన్ గొట్టాన్నే కాక, అంతకన్నా చల్లని వాటిని కూడా చూడాలి. బయటికొచ్చే పొగ మబ్బును, గాలి రాపిడికి వేడెక్కిన విమానం చర్మాన్ని చూడాలి. అవి వెలిగేది 3–5 మైక్రాన్లలో. ఆ పట్టీని చూసే పదార్థం ఇండియం యాంటిమనైడ్. దాంతో ఒక చిక్కుంది: అది మామూలు ఉష్ణోగ్రతలో ఉంటే దాని సొంత వేడే దానికి అడ్డం. అందుకే 77 కెల్విన్ దగ్గరికి, అంటే మైనస్ 196 డిగ్రీలకు చల్లబరుస్తారు. అధిక పీడనంలో ఉన్న ఆర్గాన్ లేదా నైట్రోజన్‌ను సన్నని రంధ్రం గుండా వ్యాకోచించనిస్తే అంత చలి పుడుతుంది. ముక్కు మీది అద్దం కూడా మామూలు గాజు కాదు, గాజు ఈ కిరణాలను సరిగ్గా పోనివ్వదు. మెగ్నీషియం ఫ్లోరైడ్, నీలమణి వంటివి వాడతారు.

చర్మం నిజంగా అంత వేడెక్కుతుందా? లెక్క వేద్దాం. 11 కిలోమీటర్ల ఎత్తున మన ప్రాంతంలో గాలి సుమారు మైనస్ 40 డిగ్రీలు, అంటే 233 కెల్విన్. విమానం ముక్కు దగ్గర గాలి ఆగిపోయే చోట ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందంటే, మాక్ సంఖ్యను (విమానం వేగం ధ్వని వేగానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) వర్గం చేసి 0.2తో గుణించి 1 కలపాలి, దాంతో 233ని గుణించాలి. మాక్ 0.9 దగ్గర 271 కెల్విన్, అంటే మైనస్ 2 డిగ్రీలు. మాక్ 1.5 దగ్గర 338 కెల్విన్, అంటే 65 డిగ్రీలు. చర్మం మొత్తం ఇంత వేడెక్కదు, ఇది గరిష్ఠం. అయినా వెనకున్న ఆకాశం గడ్డకట్టే చలిలో ఉంది కాబట్టి, ఎదురొస్తున్న విమానం కూడా మెరుస్తూ కనబడుతుంది.

అదే విమానం కిందికి దిగి, ఎండకు కాలిన శేషాచలం బండరాళ్ల మీదుగా పోతోందనుకోండి. పైనుంచి చూసే క్షిపణికి వెనకున్నది చల్లని ఆకాశం కాదు, వేడి రాయి. తేడా ఒక్కసారిగా తగ్గిపోతుంది. అందుకే నేలకు ఆనుకుని ఎగరడం ఇప్పటికీ పనికొచ్చే విద్యే.

ముందు నుంచి కూడా కొట్టగల మొదటి సైడ్‌విండర్ 9ఎల్ రకం, 1970ల చివర్లో వచ్చింది. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ సీ హారియర్లు దాంతో అర్జెంటీనా విమానాలను వరసగా కూల్చాయి. గాలిపోరులో ఒక్క సీ హారియర్‌ను కూడా కోల్పోలేదు. దీన్ని 'అన్ని దిశల క్షిపణి విజయం' అని రాస్తుంటారు. నిజానికి ఆ దెబ్బల్లో ఎక్కువ భాగం వెనక నుంచే తగిలాయి. అర్జెంటీనా విమానాలు ఇంధనం చాలక, ఓడల మీద బాంబులు వేసి వెంటనే ఇంటిదారి పట్టేవి. మెరుగైన కన్ను అక్కడ చేసింది ఎదురు దాడికి వీలివ్వడం కాదు, గురిని మరింత నమ్మకంగా పట్టుకోవడం.

ఫ్లేర్ వదిలితే తప్పించుకోవచ్చా

ఎయిర్ షోలలో విమానం వెనక నుంచి రాలే నిప్పు పూలు చూసే ఉంటారు. అవి ఫ్లేర్లు, మెగ్నీషియం, టెఫ్లాన్ కలిపిన మందు. క్షిపణికి ఇంజిన్ కంటే ప్రకాశవంతమైన ఎర చూపించడం వాటి పని. తొలి తరం క్షిపణులకు ప్రకాశమే సర్వస్వం కాబట్టి ఎర బాగా పనిచేసేది.

దీనికి జవాబుగా క్షిపణికి రెండు రంగుల చూపు ఇచ్చారు. మళ్లీ వీన్ నియమమే. ఫ్లేర్ 2200 కెల్విన్ దగ్గర మండుతుందనుకుంటే దాని శిఖరం 1.3 మైక్రాన్లు, ఇంజిన్‌ది 3.2. కాబట్టి క్షిపణి రెండు పట్టీల్లోనూ కొలిచి నిష్పత్తి చూస్తుంది. పొట్టి తరంగాల వైపు మొగ్గితే అది ఎర, పొడుగు తరంగాల వైపు మొగ్గితే విమానం. ఇంకో గుర్తు కూడా ఉంది. ఫ్లేర్ విమానాన్ని వదిలిన క్షణం నుంచి గాలికి వేగం కోల్పోయి వెనకపడిపోతుంది, విమానం ముందుకు సాగుతుంది.

ఆ తర్వాత వచ్చిన మార్పు ఇంకా పెద్దది. చుక్కను చూసే కన్ను స్థానంలో బొమ్మను చూసే కెమెరా వచ్చింది. సైడ్‌విండర్ 9ఎక్స్, అస్రామ్‌లలో అడ్డంగా 128, నిలువుగా 128 డిటెక్టర్లున్న పలక ఉంటుంది. మొత్తం 16,384. మన ఫోన్ కెమెరాతో పోలిస్తే ఇది నవ్వొచ్చే సంఖ్య. కానీ రెక్కలు, ముక్కు, తోక ఉన్న ఆకారానికీ ఓ నిప్పుచుక్కకూ తేడా తెలియడానికి ఇది చాలు.

అందుకని ఫ్లేర్ల కాలం అయిపోయిందా? ఇక్కడ నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. 2017 జూన్‌లో సిరియా మీద అమెరికా నౌకాదళ విమానం ఒక సుఖోయ్-22 మీదికి 9ఎక్స్ వదిలితే తగల్లేదు, ఆ తర్వాత వదిలిన రాడార్ క్షిపణి దాన్ని కూల్చింది. పాత ఫ్లేర్లకే అంత కొత్త క్షిపణి మోసపోయిందని కొందరు రాశారు, క్షిపణిలోనే లోపం ఉండొచ్చని మరికొందరు. ఒక్క సంఘటనతో తేలే వాదన కాదది. ఈలోగా ఎర వేసేవాళ్లూ ఊరుకోలేదు: ఇంజిన్ రంగుకు దగ్గరగా మండే ఫ్లేర్లు, క్షిపణి కంట్లోకే లేజర్ కొట్టి తికమక పెట్టే పరికరాలు వచ్చాయి.

15 కిలోమీటర్లా, 6 కిలోమీటర్లా: ఒకే క్షిపణి, రెండు జవాబులు

ఇప్పుడు దూరం సంగతి. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచినప్పుడు తిరుపతి మిద్దెల మీద నిలబడి ఆ మంటను నిమిషాల తరబడి చూస్తాం. ఈ క్షిపణుల మోటారు అలా మండదు, కొద్ది సెకన్లలోనే అయిపోతుంది. ఆ కాస్త సేపట్లో అందుకున్న వేగంతోనే మిగతా దారంతా జారుకుంటూ వెళ్లాలి. గాలి దాన్ని అడుగడుగునా తగ్గిస్తుంటుంది.

అంకెలు సులువు చేసుకుందాం. ఒక క్షిపణి సగటున సెకనుకు 700 మీటర్ల వేగంతో 15 సెకన్లు ఉపయోగకరంగా ఎగరగలదు. అంటే 10.5 కిలోమీటర్లు. శత్రు విమానం వేగం సెకనుకు 300 మీటర్లు.

శత్రువు ఎదురుగా వస్తుంటే ఇద్దరి మధ్య దూరం సెకనుకు 1000 మీటర్లు తరుగుతుంది. 15 సెకన్లలో 15 కిలోమీటర్లు. కాబట్టి 15 కిలోమీటర్ల నుంచి వదిలినా అందుతుంది. శత్రువు పారిపోతుంటే దూరం సెకనుకు 400 మీటర్లే తరుగుతుంది. 15 సెకన్లలో 6 కిలోమీటర్లు. ఏడు కిలోమీటర్ల నుంచి వదిలితే వృథా. క్షిపణి ఎగిరే దూరం రెండు సందర్భాల్లోనూ ఒకటే పదిన్నర, కానీ వదలగల దూరం సగానికన్నా తక్కువకు పడిపోయింది.

దీనికి ఎత్తు కలపండి. 11 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత నేల దగ్గరి దానిలో మూడో వంతుకు కొంచెం తక్కువో ఎక్కువో. పైన అంత నిరోధం తక్కువ, క్షిపణి ఎక్కువ దూరం జారుతుంది. కింద అదే క్షిపణికి చాలా ముందే ఊపిరి ఆడదు. తయారీ సంస్థలు బ్రోషర్లో వేసే 25 కిలోమీటర్లు, 30 కిలోమీటర్లు సాధారణంగా అనుకూలమైన పరిస్థితిలోవి. అది అబద్ధమేమీ కాదు. కానీ టీవీ చర్చల్లో రెండు బ్రోషర్ల అంకెలు పక్కపక్కన పెట్టి 'వాళ్లది మనకన్నా 5 కిలోమీటర్లు ఎక్కువ' అని గొంతు చించుకోవడం చూస్తే చిరాకేస్తుంది.

మరీ దగ్గర్నుంచి కూడా వదలకూడదు. వదిలిన విమానానికే ప్రమాదం లేకుండా, కొంత దూరం వెళ్లేదాకా ఫ్యూజ్ సిద్ధం కాదు. అంటే ప్రతి క్షిపణికీ గరిష్ఠ దూరంతో పాటు కనిష్ఠ దూరం కూడా ఉంటుంది.

గురి ఉన్న చోటికి కాదు, ఉండబోయే చోటికి

క్షిపణి విమానం వెంటే పరిగెత్తుతుందని సినిమాల్లో చూపిస్తారు. అలా చేస్తే అందుకోవడం కష్టం. బస్సులో చిత్తూరు నుంచి తిరుపతికి వస్తున్నారనుకోండి. కిటికీలోంచి చూస్తే పక్క రోడ్డు మీద ఓ లారీ మెయిన్ రోడ్డు వైపు వస్తోంది. ఆ లారీ కిటికీలో వెనక్కి జరుగుతుంటే మనం ముందే దాటిపోతాం, ముందుకు జరుగుతుంటే అది ముందు దాటిపోతుంది. ఏ వైపూ జరగకుండా, ఉన్న చోటే ఉండి పెద్దదవుతుంటే మాత్రం కూడలిలో గుద్దుకోవడం ఖాయం. డ్రైవర్ దేన్ని తప్పించుకుంటాడో, క్షిపణి దాన్నే కోరుకుంటుంది. గురి తన చూపులో ఏ వైపు ఎంత వేగంగా జరుగుతోందో కొలిచి, దానికి మూడు నుంచి అయిదు రెట్ల వేగంతో తన దారిని అటు తిప్పుకుంటుంది. జరగడం ఆగిపోయేదాకా అదే పని. 'ప్రపోర్షనల్ నావిగేషన్' అనే ఈ పద్ధతికి దూరం తెలియనక్కర్లేదు. దూరం కొలవలేని ఇన్‌ఫ్రారెడ్ కంటికి ఇంతకన్నా తగిన సూత్రం లేదు.

మలుపుల దగ్గర ఇంకో లెక్క. సెకనుకు 250 మీటర్ల వేగంతో 9 జీల (భూమి ఆకర్షణకు తొమ్మిది రెట్ల బలం) మలుపు తిరిగే విమానం గీసే వృత్తం వ్యాసార్థం సుమారు 700 మీటర్లు. సెకనుకు 800 మీటర్ల వేగంతో 40 జీల మలుపు తిరిగే క్షిపణిది 1,600 మీటర్ల పైచిలుకు. 40 జీలు అని గొప్పగా చెప్పుకునే క్షిపణే విశాలంగా తిరుగుతుంది! వేగం ఎక్కువ కావడమే కారణం. దాన్ని కాపాడేది రెండు విషయాలు: దిశ మార్చుకునే వేగం విమానం కంటే దానికే ఎక్కువ, పైగా అది విమానం గీసిన వృత్తాన్ని అనుసరించనక్కర్లేదు, అడ్డంగా కోసుకెళ్తే చాలు. కానీ మోటారు ఆరి వేగం సగానికి పడితే రెక్కలు ఇచ్చే మలుపు బలం నాలుగో వంతుకు పడుతుంది. పైలట్లు చివరి క్షణం దాకా ఆగి ఒక్కసారిగా మెలి తిరగడం వెనక ఉన్న ఆశ అదే.

ఈ మలుపు విద్యలో సోవియట్లు 1980ల్లో అందరినీ దాటేశారు. ఆర్-73 రెక్కలతో పాటు మోటారు మంటనే పక్కకు మళ్లించి తిరిగేది. మిగ్-29 పైలట్ హెల్మెట్‌లోని గురి పరికరంతో దాన్ని జోడించారు. పైలట్ తల తిప్పి చూస్తే చాలు, విమానం ముక్కు అటు లేకపోయినా, 45 డిగ్రీల దాకా పక్కనున్న గురిని క్షిపణి పట్టుకునేది. పశ్చిమ దేశాలకు ఈ సంగతి పూర్తిగా అర్థమైంది 1990లో జర్మనీ ఏకమై, తూర్పు జర్మనీ మిగ్-29లు వాళ్ల చేతికొచ్చాకే. వాటితో విన్యాసాలు చేసి చూస్తే దగ్గరి పోరులో తమ విమానాలకు గడ్డుకాలమేనని తేలింది.

ఆ కంగారులోంచే నేటి క్షిపణులు పుట్టాయి, కానీ అందరూ ఒకే దారి పట్టలేదు. జర్మనీ నాయకత్వంలోని ఐరిస్-టి, అమెరికా 9ఎక్స్ మంట మళ్లించి చురుగ్గా తిరగడాన్ని ఎంచుకున్నాయి. బ్రిటన్ అస్రామ్‌కు మాత్రం అది లేదు. 127కు బదులు 166 మిల్లీమీటర్ల లావు మోటారు పెట్టి, 'మెలికలు తిరిగేదాకా ఎందుకు, శత్రువు కంటే ముందే, ఎక్కువ దూరం నుంచే, వేగంగా వెళ్లి కొట్టేద్దాం' అన్న లెక్క వాళ్లది.

మన వాయుసేన చేతిలో

భారత వాయుసేనలో చాలాకాలంగా ప్రధాన హీట్ సీకర్ ఆర్-73. సుఖోయ్-30, మిగ్-29, తేజస్ దాన్ని మోస్తాయి. 2025 సెప్టెంబర్‌లో వీడ్కోలు తీసుకున్న మిగ్-21 బైసన్లూ మోసేవి. తేజస్ మీద 2021 ఏప్రిల్‌లో పైథాన్-5ను పరీక్షించారు. జాగ్వార్‌కు అస్రామ్‌ను ఎంచుకున్నారు, దాన్ని రెక్క కింద కాక రెక్క మీద అమర్చడం జాగ్వార్ ప్రత్యేకత. ఆ అస్రామ్ పనుల కోసం హైదరాబాద్ కేంద్రంగా ఉన్న భారత్ డైనమిక్స్ 2021లో దాని తయారీ సంస్థ ఎంబీడీఏతో ఒప్పందం చేసుకుంది. సొంత ఇన్‌ఫ్రారెడ్ కన్ను విషయంలో హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌ది పెద్ద చేయి. సైనికులు మోసుకెళ్లగల స్వల్ప దూర క్షిపణిని అక్కడే రూపొందించారు.

2019 ఫిబ్రవరి 27 ప్రస్తావన లేకుండా ఈ విషయం ముగియదు. ఆ రోజు మిగ్-21 బైసన్ నుంచి అభినందన్ వర్ధమాన్ ఆర్-73తో పాకిస్తాన్ ఎఫ్-16ను కూల్చారని భారత్ చెబుతుంది, రాడార్ చిత్రాలు విడుదల చేసింది, ఆయనకు వీర చక్ర ఇచ్చింది. తమ ఎఫ్-16 ఏదీ పోలేదని పాకిస్తాన్ అంటుంది. విదేశీ విశ్లేషకుల్లో చాలామంది మన వాదనకు బలమైన బయటి ఆధారం దొరకలేదన్నారు. రెండు పక్షాలూ తమ మాట మీదే ఉన్నాయి. సాంకేతికంగా అడిగితే పాత మిగ్ నుంచి ఆర్-73తో ఎఫ్-16ను కొట్టడం సాధ్యమేనా అంటే, సాధ్యమే. దగ్గరి పోరులో విమానం వయసు కంటే క్షిపణి కన్ను, హెల్మెట్ ఎక్కువ లెక్కకొస్తాయి. జరిగిందా లేదా అన్నది వేరే ప్రశ్న.

నూటాయాభై కిలోమీటర్లది ఉన్నాక కూడా

టీ కొట్టు ప్రశ్నకు ఇప్పుడు రెండు వైపుల జవాబులూ చూడొచ్చు.

అక్కర్లేదనేవాళ్ల వాదన బలమైనదే. వార్తా కథనాల ప్రకారం 2025 మేలో రెండు దేశాల విమానాలూ సరిహద్దు దాటకుండానే చాలా దూరం నుంచి పోరాడాయి. పైగా హెల్మెట్, కొత్త హీట్ సీకర్లు వచ్చాక దగ్గరికెళ్లడం రెండు పక్షాలకూ చావే: ఇద్దరూ ఒకరినొకరు చూసి, ఇద్దరూ వదిలి, ఇద్దరూ కూలిపోవచ్చు. అలాంటప్పుడు దగ్గరికి వెళ్లకుండా ఉండటమే తెలివి.

కావాలనేవాళ్లు వేరే సంగతులు ఎత్తి చూపుతారు. రాడార్‌ను జామ్ చేయొచ్చు, స్టెల్త్ విమానం రాడార్‌కు చాలా దగ్గరికొచ్చేదాకా దొరకదు. రాడార్‌కు దొరకని విమానం కూడా వేడిని పూర్తిగా దాచలేదు. ఇంకొకటి, శాంతి కాలంలో గగనతలంలోకి చొరబడినది ఎవరో కంటితో చూసి ధ్రువీకరించాకే కాల్చమని ఆదేశాలుంటాయి. అప్పుడు దూరపు క్షిపణి ఉన్నా పోరు దగ్గరే మొదలవుతుంది. నాకు ఈ రెండో వాదనే ఎక్కువ బరువుగా తోస్తుంది. దూరపు క్షిపణులన్నీ అయిపోయాక కూడా ఇంటికి చేరాల్సిన విమానం చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

ఇటీవల ఈ క్షిపణులకు ఎవరూ అనుకోని పని పడింది. 2023 ఫిబ్రవరి 4న అమెరికా తీరంలో చైనా బెలూన్‌ను ఎఫ్-22 కూల్చింది సైడ్‌విండర్ 9ఎక్స్‌తోనే. బెలూన్‌కు ఇంజిన్ లేదు, మంట లేదు. లెడ్ సల్ఫైడ్ కాలం నాటి కన్ను దాన్ని చూసేదే కాదు. కానీ అరవై వేల అడుగుల ఎత్తున చల్లని ఆకాశం మీద ఎండ తగిలిన గాలిబుడగ ఆకారం బొమ్మ తీసే కంటికి చాలు. వారం తర్వాత హ్యూరాన్ సరస్సు మీద మరో వస్తువును కొట్టబోతే మొదటి క్షిపణి గురి తప్పింది, రెండోది తగిలింది. ఒక్కోదాని ధర 4 లక్షల డాలర్లకు పైమాటే.

ఆ ధరే ఇప్పుడు వాయుసేనలకు తలనొప్పి. చిన్న పిస్టన్ ఇంజిన్‌తో నడిచే చవక డ్రోన్లు గుంపులుగా వస్తే, ఒక్కోదాని మీదికీ ఇంత ఖరీదైన క్షిపణి వదులుతూ పోతే ముందు ఖాళీ అయ్యేది మన గోదామే. ఎర్ర సముద్రం ప్రాంతంలో యెమెన్‌కు చెందిన హూతీ సాయుధుల డ్రోన్ల మీద అమెరికా ఎఫ్-16లు లేజర్ గురి తగిలించిన 70 మిల్లీమీటర్ల చిన్న రాకెట్లను వాడటం మొదలుపెట్టాయి. వాటి ధర సైడ్‌విండర్‌లో పదో వంతు కూడా ఉండదు. ఒక్క విమానం వాటిని పదుల సంఖ్యలో మోయగలదు. అయితే తగిలేదాకా లేజర్ వెలుగును డ్రోన్ మీదే ఉంచాలి. వదిలేసి పక్కకు తిరిగిపోయే సౌకర్యం హీట్ సీకర్‌కే ఉంది, ఆ సౌకర్యానికే అంత ధర.